అవద్ లారీలో ఏముంది?

తప్పు ఒప్పుకోవడానికి మా ఊరికి వచ్చిన ఇరవై మందిలో తప్పు చేసినవాడు ఒక్కడు కూడా లేడు. ఈ సంగతి ముందే చెబుతున్నాను. ఎందుకంటే ఆ రోజు జరిగినదాన్ని రేడియోలో సయోధ్య అన్నారు. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నా పేరు మబ్ఖూత్. మాది తేనెటీగలు పెంచే వంశం. రేగుచెట్లు పూసే నెలలో గూళ్ళన్నీ లారీకెక్కించి కింది లోయకు తీసుకెళ్తాం, పూత రాలాక తుమ్మచెట్ల కోసం మళ్ళీ కొండ మీదికి తెస్తాం. ఏడాదిలో సగం రోజులు మాకు ఇల్లంటే లారీయే. మా గూళ్ళు రెండు మూరల పొడవున్న బోలు గొట్టాలు. ఒక మూతి మట్టితో మూసి, రెండో మూతి ఈగల రాకపోకలకు వదిలేస్తాం. లారీలో వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, మూతులన్నీ వెనక్కి పెట్టి తాళ్ళతో బిగిస్తాం. ఎదురుగాలి కొడితే లోపలి ఈగలు చస్తాయి కాబట్టి మా తాత ఒంటె మీద కట్టినప్పుడు కూడా అలాగే కట్టాడు.

మా తాత కాలంలో దాన్ని పైనుంచి చూసేవాడు దేవుడొక్కడే. ఇప్పుడు పైవాళ్ళు వచ్చారు. పైవాళ్ళంటే విమానాలవాళ్ళు. అవి ఏ దేశం విమానాలో మాలో ఎవరూ పైకి అనరు. ఇద్దరు ముగ్గురు రాజులు, వాళ్ళ వెనక సముద్రాల అవతలి పెద్ద దేశాలు, అందరూ చేతులు కలిపి మా తగువు తీర్చడానికి వచ్చారట. మాలో మేం ఎందుకు కొట్టుకుంటున్నామో నాలుగేళ్ళుగా మాకే అంతుపట్టలేదు. వాళ్ళకు మాత్రం ముప్పై వేల అడుగుల ఎత్తు నుంచి ఇట్టే అర్థమైపోయింది.

ఆ ఏడు రేగు పూతకు నా తమ్ముడు అవద్ నూట నలభై గొట్టాలతో బయల్దేరాడు. మామూలుగా చీకట్లో బయల్దేరాలి, ఈగలన్నీ గూట్లో ఉండేది అప్పుడే. కానీ చీకట్లో దీపాలు వేసుకుని తిరిగే బండిని పైవాళ్ళు బతకనివ్వడం లేదని, మూతులకు తడి గోనెలు కట్టుకుని తెల్లారాక వెళ్ళాడు. లారీ నడిపింది ముఖ్బిల్, పక్క లోయవాడు. పగలైతే ఏముందో వాళ్ళకు కనిపిస్తుంది, ఏమీ చేయరని అవద్ అనుకున్నాడు. వాళ్ళకు కనిపించింది. వాగు వంపు దగ్గర ఒకే ఒక్క బాంబు వేశారు.

మేం వెళ్ళేసరికి కాలిన మైనం వాసన. దాని గురించి ఇంతకంటే చెప్పను. బతికిన ఈగలు మూడు రోజులు ఆ వంపు మీదే తిరిగాయి, గూళ్ళు ఎక్కడున్నాయా అని.

సాయంత్రం రేడియోలో వార్త. రాకెట్లు మోసుకెళ్తున్న వాహనాన్ని ధ్వంసం చేశారట. ఇద్దరు సాయుధులు హతమయ్యారట. మా అమ్మ ఘాలియా అప్పటిదాకా ఏడుస్తున్నదల్లా ఆ మాట వినగానే ఏడుపు ఆపేసింది.

"ఏంటంటన్నాడు వాడు? మళ్ళీ చెప్పమను."

"అమ్మా, రేడియో మళ్ళీ చెప్పదే."

"నా కొడుకు రాకెట్లు మోశాడా? దోమను కొట్టాలన్నా చెయ్యి వణికే సన్నాసి, వాడు రాకెట్లు మోశాడా?"

పుండు మీద కారం చల్లినట్టు, పది రోజుల తర్వాత ముఖ్బిల్ అన్న దైఫల్లా మా గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, ఇచ్చిన కాఫీ ముట్టలేదు. "మబ్ఖూత్, మా వోడు డబ్బు కోసం లారీ తోలాడు. గొట్టాల కింద మీ తమ్ముడు ఏం దాచాడో మావోడికి తెలీదు. రాకెట్లు దాచి మావోణ్ణి చంపించాడని మా తెగలో అందరూ అంటన్నారు. అదే నిజమైతే ముఖ్బిల్ నెత్తురు మీ ఇంటి మీదుంది" అన్నాడు. అతను మంచివాడే, పదిహేనేళ్ళుగా మా తేనె తిన్నవాడు. కానీ రేడియో చెప్పింది కదా. రేడియో ఎందుకు అబద్ధం చెబుతుందని అతని ఇంట్లో ఆడవాళ్ళు అడిగారట.

ఆ రోజు నుంచి నేను వెనక్కి చూసుకోకుండా నడిచింది లేదు. నాకు నలుగురు కొడుకులు. పక్క లోయవాళ్ళతో నెత్తురు తగువంటే అది నా కొడుకుల కొడుకుల దాకా నడుస్తుంది. బాంబు వేసినవాడు భోజనం చేసి పడుకుంటాడు, మేం మాత్రం ఇక్కడ ఒకరి గొంతు ఒకరం కోసుకోవాలి.

నాలుగు నెలలకు హిజామ్ షేక్ దగ్గర నుంచి కబురొచ్చింది. హిజామ్ మా ప్రాంతానికి పెద్ద. అంటే పెద్దనని ఆయనే చెప్పుకుంటాడు. యుద్ధం మొదలవగానే పైవాళ్ళ దేశంలో ఒక హోటలుకు మకాం మార్చాడు, అక్కడి నుంచే మా బాగోగులు చూస్తున్నాడు. పైవాళ్ళు విచారణ జరిపారట, పొరపాటు జరిగి ఉండవచ్చని అనుకుంటున్నారట. మన ఆచారం ప్రకారమే పదకొండు తుపాకులు, మూడు ఎద్దులు తెచ్చి మీ ముందు పెడతాం, తగువు ముగించుకుందాం అని ఆ కబురు సారాంశం.

మా ఆచారం సంగతి చెప్పాలి. తప్పు చేసినవాడు తన తుపాకీ తెచ్చి దెబ్బ తిన్నవాడి కాళ్ళ ముందు పెడతాడు. నేను ఫలానా పని చేశాను, తీర్పు నువ్వే చెప్పు అంటాడు. అప్పటి నుంచి దెబ్బ తిన్నవాడే న్యాయమూర్తి. ఏ తీర్పు చెప్పినా అవతలివాడు తల వంచాల్సిందే. అయితే చేసిన పని నలుగురి ముందు నోటితో చెప్పాలి, రక్తం పడిన చోటే నిలబడి చెప్పాలి. అప్పుడే ఎద్దును కోసి తగువు తెంపుకుంటాం. మా లోయలో ఎన్ని హత్యలు ఈ పద్ధతిలో చల్లారాయో లెక్కలేదు. పైవాళ్ళలో ఎవడో చదువుకున్నవాడు దీన్ని పుస్తకంలో రాసుకుని ఉంటాడు. తుపాకులూ ఎద్దులూ అని రాసుకున్నాడు, నోటితో చెప్పడం రాసుకోలేదు.

అమ్మ ముందు ఒప్పుకోలేదు. మా ఊళ్ళో ఆచారం తెలిసిన ముసలాయన షాయిఫ్. ఆమెకు మేనమామ వరస. ఆయన ఇంటికి వచ్చి నచ్చజెప్పాడు.

"వాళ్ళ ఎద్దులు నాకెందుకు మామా? ఎద్దుని చూసి కొడుకనుకోనా?"

"ఎద్దు కోసం కాదే పిచ్చిదానా. తుపాకీ కింద పెడితే నోరు తెరవాలి. నోరు తెరిస్తే లారీలో ఏముందో చెప్పాలి. దైఫల్లాని కూడా పిలుద్దాం. వాడు వింటే మీ ఇంటి మీద పడ్డ మచ్చ పోద్ది."

అమ్మ "సరే, రమ్మను. నా కొడుకు తేనెవాడని చెప్పాలి. అంతే. ఆ ఒక్క మాట చెప్పకపోతే ఎద్దుల్ని తోక పట్టి తోలేస్తా" అంది.

వాళ్ళు మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆరు కార్లలో దిగారు. హిజామ్ షేక్ ఇస్త్రీ నలగని బట్టలు, అత్తరు, నడుముకు వెండి పిడి బాకు. ఒక చేతిలో లావుపాటి ఫోను, ఆకాశంతో నేరుగా మాట్లాడే రకం. వెనక కెమెరావాడు. వచ్చీ రాగానే స్కూలు ఆవరణలో తివాచీలు పరవమన్నాడు.

షాయిఫ్ తాత కర్ర నేలకు కొట్టాడు. "ఇక్కడ కాదు. వంపు దగ్గరికి పోదాం."

"పెద్దాయనా, స్కూల్లో కూర్చుంటామని పైవాళ్ళ దగ్గర రాయించామండీ. ఇక్కడే నీడగా ఉంది కదా."

"నెత్తురు స్కూల్లో పడిందా?"

హిజామ్ ఫోను వైపు చూశాడు, ఎండ వైపు చూశాడు, చుట్టూ మూగిన జనం వైపు చూశాడు. అరగంటలో అయిపోయే పనికి మళ్ళీ అనుమతులు ఎందుకనుకున్నాడో ఏమో, పదండి అన్నాడు. అందరం నడుచుకుంటూ వంపు దగ్గరికి వెళ్ళాం. మావాళ్ళు నలభై మంది, దైఫల్లా తెగవాళ్ళు పన్నెండు మంది. మా భుజాలకు తుపాకులున్నాయి. ఉంటాయి. పెళ్ళికైనా చావుకైనా మా మగవాళ్ళు భుజం ఖాళీగా వెళ్ళరు. అమ్మ, ఇంకో ఐదారుగురు ఆడవాళ్ళు కొంచెం ఎడంగా రాళ్ళ మీద కూర్చున్నారు.

పదకొండు తుపాకులు ఇసుకలో వరసగా పెట్టారు. షాయిఫ్ తాత ఒకటి తీసి వేలితో రాసి, వేలు వాసన చూశాడు.

"గ్రీజు ఇంకా ఆరలేదే. ఇది ఎవరి తుపాకీ?"

"మనదే పెద్దాయనా."

"మనదంటే? పేరు చెప్పు. ఎవడి భుజాన వేలాడింది ఇన్నాళ్ళూ?"

"కొత్తవండీ. పెట్టెలోంచి నిన్ననే తీశారు. మంచి రకం."

"మగోడు తుపాకీ కింద పెట్టాడంటే వాడి పరువు కింద పెట్టినట్టు. పెట్టెలోంచి తీసిన దానికి ఎవడి పరువు అంటుకునుంటదయ్యా? గ్రీజు పరువా?"

జనం గొల్లుమన్నారు. హిజామ్ కూడా నవ్వాడు, కెమెరా ఉంది కదా. తర్వాత జేబులోంచి కాగితం తీసి చదివాడు. దురదృష్టకర సంఘటన అన్నాడు. రెండు వైపులా బాధ అన్నాడు. సైనిక లక్ష్యం దగ్గరలో ఉన్న వ్యక్తులు అన్నాడు. ప్రాణం లేని మాటలు, ఒక్కటి కూడా మా అవద్‌ది కాదు, ముఖ్బిల్‌ది కాదు. 

"షేక్ గారూ, నా తమ్ముడి పేరు ఎక్కడుందండీ అందులో?" అన్నాను.

"పేర్లు జాబితాలో ఉంటాయి తమ్ముడూ."

"ఏ జాబితాలో? సాయుధుల జాబితాలోనా?"

"ఇప్పుడవన్నీ కెలకడం ఎందుకు చెప్పు. పోయినవాళ్ళు పోయారు, మంచి జరగాల..."

దైఫల్లా లేచి నిలబడ్డాడు. పొడగరి, గొంతు కూడా అంతే పొడుగు. "షేకూ, తిరగేసి మరగేసి మాట్లాడొద్దు. మాక్కావాల్సింది ఒక్క మాట. ఆ లారీలో ఏముంది? రాకెట్లయితే నా తగువు మబ్ఖూత్‌తో. తేనె అయితే నా తగువు నీతో, నిన్ను పంపినోళ్ళతో. చెప్పు."

అందరూ హిజామ్ నోటి వైపు చూస్తున్నారు.  నా నలుగురు కొడుకులు ఆ నోటికి వేలాడుతున్నారు. వాడేమో కాగితం మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

"ఆ విషయం చెప్పే అధికారం నాకు లేదు. విచారణ నివేదిక రహస్యం."

"మరి నువ్వెవరు ఇక్కడ? ఎద్దులు తోలుకొచ్చినోడివా?" అన్నాడు షాయిఫ్ తాత.

ఈ మాట హిజామ్‌కు గుచ్చుకుంది. ఛాతీ విరిచాడు, కెమెరా వైపు సగం తిరిగాడు. "పెద్దాయనా, నేను వాళ్ళ నాలుకని. ఇక్కడ నా మాట వాళ్ళ మాటే. నా ముఖం పూచీ పెడుతున్నా, వినండందరూ! ఇవాళ్టి నుంచి ఈ లోయ మీద పైనుంచి గులకరాయి కూడా పడదు!"

మా దగ్గర ముఖం పూచీ పెట్టడమంటే చిన్న మాట కాదు. మాట తప్పితే ఆ ముఖం ఇక ఎవరికీ చూపించే వీలుండదు. అందుకే జనం సద్దుమణిగారు. ఒకరిద్దరు తలలూపారు కూడా. సరిగ్గా అప్పుడు మోత వినిపించింది.

పైన రెండు రకాలు తిరుగుతాయి. జుయ్యిమని తిరిగేది చూసి పోతుంది. గర్జించేది వేసి పోతుంది. ఇది గర్జన. దక్షిణపు కొండ అవతల నుంచి మొదలై మా వైపే వస్తోంది.

హిజామ్ ముఖంలో రంగు దిగిపోవడం నేను చూశాను. తల ఎత్తి ఆకాశం చూశాడు, తల దించి ఇసుకలో వరసగా ఉన్న తుపాకులు చూశాడు. యాభై మంది మగవాళ్ళు, భుజాన ఆయుధాలు, ముందు ఇంకో పదకొండు, అదీ వాళ్ళు ముందే కొట్టిన చోట. పైవాళ్ళు రాసుకున్నది స్కూలు. అంతే, షేక్ గారు కాలికి బుద్ధి చెప్పారు. తలగుడ్డ ఊడిపోయింది. ఒక చెప్పు ఇసుకలో ఉండిపోయింది. వాగు పక్కన వాన కోసిన గోతిలోకి దూకి, ఫోను చెవికి నొక్కుకుని గొంతు చించుకున్నాడు.

"కొట్టకండి! కొట్టకండి! నేను హిజామ్‌ని! స్కూల్లో లేం, లారీ కాలిన వంపు దగ్గరున్నాం! సాయుధులు ఒక్కళ్ళూ లేరిక్కడ! అందరూ తేనెవాళ్ళు! ఆ పోయినవాళ్ళ అన్నదమ్ములు! వాళ్ళూ తేనెవాళ్ళేగా, మీకు తెలుసుగా! ఆ గొట్టాల్లో ఈగలే ఉన్నాయని మీ నివేదికలోనే ఉందిగా! రాకెట్లు కావని మీరే రాశారుగా! మళ్ళీ అదే తప్పు చెయ్యకండిరా బాబూ, తుపాకులు మీరిచ్చినవే!"

మేమెవరం పరిగెత్తలేదు. ధైర్యం ఉండి కాదు. మోత విన్నాక పరిగెత్తేవాణ్ణి కూడా పైవాళ్ళు సాయుధుడే అంటారని నాలుగేళ్ళలో నేర్చుకున్నాం. నేను ఉన్నచోటే బోర్లా పడుకున్నాను, ఇసుక నోట్లోకి పోయింది. నా ప్రాణం తీపి నాకూ ఉంది. కానీ చెవులు మూసుకోలేదు. వంపులో గొంతు గోడకు కొట్టినట్టు మోగుతుంది, గోతిలో అన్న ప్రతి ముక్కా మా అందరికీ వినపడింది.

విమానం మా మీదుగా వెళ్ళిపోయింది. ఏమీ వేయలేదు. ఫోనులో చెప్పింది విన్నారో, వాళ్ళకు వేరే పని ఉందో, నాకు తెలియదు. మోత ఉత్తరం వైపు సన్నగిల్లేదాకా ఎవరూ కదల్లేదు.

హిజామ్ గోతిలోంచి మోకాళ్ళు దులుపుకుంటూ పైకొచ్చాడు. కెమెరావాడు రెండో చెప్పు వెతికిపెట్టాడు. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఆపుకోకపోతే బాగుండేది.

అప్పటికి అమ్మ రాళ్ళ మీద నుంచి లేచి మగవాళ్ళ మధ్యలోకి వచ్చేసింది. మామూలుగా రాదు. ఎవరూ ఆపలేదు.

"ఇప్పుడన్నావే, అది మళ్ళీ అను."

"ఏదమ్మా?" అన్నాడు హిజామ్.

"గోతిలో అన్నది. గొట్టాల్లో ఈగలే ఉన్నాయని అన్నావు. వాళ్ళకు తెలుసు అన్నావు. రాశారు అన్నావు. నాలుగు నెలల్నుంచి రాసుకుని దాచుకున్నారా? ఆ కాగితం మీద రాయి, నేను వేలిముద్ర వేస్తా."

"అమ్మా, అది... ప్రాణభయంలో ఏదో వాగేశాను. దానికి విలువేముంటుంది చెప్పు. అలా రాస్తే నా ఉద్యో... నా మాట అక్కడ చెల్లదు."

"బాంబు నీ నెత్తి మీదికొస్తే మేం తేనెవాళ్ళం. నా కొడుకు నెత్తి మీద పడితే వాడు సాయుధుడా?"

 అమ్మ ఆ ప్రశ్న అరవలేదు, రొట్టె తిన్నావా అని అడిగినట్టు అడిగింది. నాకు మాత్రం ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది. తెలుసు! వీళ్ళకు తెలుసు! దైఫల్లా వాళ్ళింట్లో కత్తులు నూరుతుంటే, నేను పిల్లల్ని బయటికి పంపకుండా తలుపులు బిగించుకుంటుంటే, అక్కడ చల్లని గదిలో ఒక కాగితం మీద ఈగలు అని రాసి ఉంది. దాని మీద రహస్యం అని ముద్ర కొట్టారు. పొరపాటున చంపినవాణ్ణి క్షమిస్తానేమో. తెలిసీ నోరు మూసుకున్నవాణ్ణి మాత్రం నా వల్ల కాదు.

షాయిఫ్ తాత కర్ర మీద ఆనుకుని లేచాడు. "అయ్యా, ఆచారం నేను చెబుతా, వినండి. ఈయన తుపాకులు మన ముందు పెట్టాడు. వాళ్ళ నాలుకని నేనే అన్నాడు, నా మాట వాళ్ళ మాటే అన్నాడు. నేనడిగి చెప్పించింది కాదు, ఛాతీ విరుచుకుని ఆయనే చెప్పాడు. ఆ తర్వాత నెత్తురు పడ్డ చోటే, యాభై మంది వింటుంటే, ఆ నాలుక ఈగలే అని పలికింది. నిలబడి పలికిందా, గోతిలో పలికిందా ఆచారానికి అక్కర్లేదు. ఒప్పుకోలు అయిపోయింది."

"ఇదెక్కడి న్యాయం పెద్దాయనా!"

"నువ్వు తెచ్చిందే గదా, తుపాకులేసుకుని. తీర్పు ఇక కన్నతల్లిది. చెప్పవే ఘాలియా."

అమ్మ తుపాకుల వైపు చూడలేదు. ఎద్దుల వైపు చూడలేదు. "వచ్చే శుక్రవారం సంతలో నిలబడి, గోతిలో అరిచినంత గట్టిగా ఆ మాటే అరవాలి. అంతకంటే నాకేమొద్దు" అంది.

హిజామ్ చుట్టూ చూసి సరే సరే అన్నాడు. చూద్దాం అన్నాడు. ఎద్దుల్ని కోయనివ్వలేదు మేం, తుపాకులు ముట్టుకోలేదు. అన్నీ మళ్ళీ బండ్లకెక్కించుకుని పోయారు. ఒక ఎద్దు మొరాయించి దారి పొడుగునా అరిచింది.

రెండో రోజు రేడియోలో చెప్పారు. మృతి చెందిన సాయుధుల కుటుంబాలతో సంప్రదాయబద్ధంగా సయోధ్య కుదిరిందట. గిరిజన పెద్దలు హర్షం వ్యక్తం చేశారట. రేడియోను నేను నేలకేసి కొట్టాను. మా ఆవిడ ముక్కలు ఏరి, "ఇదొక్కటే ఉంది ఇంట్లో, దీని మీద చూపించావా నీ ప్రతాపం?" అంది. నిజమే, అంతకంటే పైదాన్ని కొట్టే చేతులు నాకెక్కడివి?

గురువారం హిజామ్ మనిషి వచ్చి కబురు చెప్పాడు. షేక్ గారు అత్యవసర పని మీద విమానంలో వెళ్ళిపోయారట. భయంలో అన్న మాటను పట్టుకోవడం మర్యాద కాదన్నారట. అమ్మ పిండి పిసుకుతూ విన్నది. "భయంలో నిజం చెప్పాడు, తీరిగ్గా కూర్చుని అబద్ధం రాశాడు. ఏది మర్యాదో వాణ్ణే తేల్చుకోమను" అంది.

శుక్రవారం సంతకు అమ్మ నాతో వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక సంతలో కాలు పెట్టడం అదే మొదటిసారి. నమాజు నుంచి జనం బయటికొచ్చే వేళకు మసీదు మెట్ల ఎదుట నమిలే ఖాత్ ఆకు అమ్మే చోట నిలబడింది. షాయిఫ్ తాత పక్కన నిలబడ్డాడు. "హిజామ్ రాలేదు. ఆయన మాట విన్నోళ్ళు ఉన్నారు. విన్నోళ్ళు చెప్పండి" అన్నాడు.

ఎవరూ వెంటనే నోరు తెరవలేదు. సంతలో ఎవడు ఎవరికి కబురు మోస్తాడో తెలియదు. పైవాళ్ళ మీద మాట్లాడినవాడి ఇల్లు పైవాళ్ళకు తెలిసిపోతుంది, అది అందరికీ తెలుసు. నేను నోరు తెరవబోయాను, కానీ నా మాట ఎవరికి కావాలి? చచ్చినవాడి అన్నను. నా తమ్ముణ్ణి నేను మంచివాడనకపోతే ఇంకెవరు అంటారు? ఆ మాట అనాల్సినవాడు ఒక్కడే. వాడు ఖాత్ కొట్టు దగ్గర భుజాన తుపాకీతో నిలబడి కిందకు చూస్తున్నాడు.

దైఫల్లా జనంలోంచి ముందుకొచ్చాడు. తుపాకీ భుజం మీద నుంచి తీశాడు. నేను అమ్మకు అడ్డంగా ఒక అడుగు వేశాను. దాని తోలుపట్టీ అరిగిపోయి ఉంది, చెక్క మీద వాళ్ళ నాన్న చెక్కుకున్న గీతలున్నాయి. దాన్ని తీసుకొచ్చి మా అమ్మ కాళ్ళ ముందు పెట్టాడు.

"నేను విన్నాను. లారీలో ఈగలున్నాయి. నీ కొడుకు మీద అనుమానపడ్డాను, మీ గుమ్మంలోకొచ్చి మాటన్నాను. తప్పు నాది. తీర్పు చెప్పు పెద్దమ్మా" అన్నాడు. "ముఖ్బిల్ నెత్తురు మీ ఇంటి మీద లేదు."

అతని వెనక ఒక్కొక్కడే నేనూ విన్నాను, నేనూ విన్నాను అనడం మొదలుపెట్టారు. పదిమంది, ఇరవైమంది. నాకు ఏడుపొచ్చింది, నలుగురిలో ఏడ్చాను. నాలుగు నెలలుగా వీపు మీద మోస్తున్నది దిగిపోయింది. తప్పు చేయని ఈ మనిషి సొంత తుపాకీ కింద పెట్టాడు. చేసినవాడు పెట్టెలోంచి తీసి పంపించాడు.

అమ్మ వంగి తుపాకీ ఎత్తి దైఫల్లా చేతికిచ్చింది.

"మా మీద లేదు, సరే. మరి ఎవరి మీదుంది? అది చెప్పకుండా తిరిగిపోకు నాయనా. నీకు చెప్పే తీర్పు అదే."

 కూరగాయలవాడు తక్కెడ దించాడు. దైఫల్లా ఇటూ అటూ చూశాడు. ఎవరెవరు ఉన్నారో, ఎవరి ఫోనులో ఏముందో చూసుకున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత వాళ్ళ పేరు చెప్పాడు. ఏ రాజు విమానమో, దాన్ని అమ్మింది ఏ దేశమో, హోటల్లో కూర్చుని దాచింది ఎవడో, అన్నీ చెప్పాడు. కానీ మెల్లగా చెప్పాడు, పక్కనున్న నాకు వినపడిందంతే.

"వెనకున్నోళ్ళకు వినపళ్ళేదు," అంది అమ్మ.

అతను ఊపిరి తీసుకుని, తల ఎత్తి మళ్ళీ చెప్పాడు.